గుకేశ్‌ది అదృష్టమేనా? 55వ ఎత్తు కన్నా ముందు బోర్డు మీద ఏం జరిగింది?

మళ్లీ నారాయణగూడలోని మన చిన్న రూమ్ నుంచే మాట్లాడుతున్నా. ఈ రోజు ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క చెస్ గేమ్ గురించి. రిజల్ట్ మీ అందరికీ తెలిసిందే. 2024 డిసెంబర్ 12, సింగపూర్, ప్రపంచ ఛాంపియన్‌షిప్ 14వ గేమ్. డింగ్ లిరెన్ తెల్ల పావులు, దొమ్మరాజు గుకేశ్ నల్ల పావులు. 58 ఎత్తుల్లో గుకేశ్ గెలిచాడు. 18 ఏళ్లకే ప్రపంచ ఛాంపియన్.

రిజల్ట్ తెలిసిన గేమ్ మళ్లీ ఎందుకు అంటారా? చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ బయట టీ తాగుతూ ఈ గేమ్ మీద వాదించుకునే వాళ్లని ఇప్పటికీ చూస్తున్నా. సగం మంది మాట ఒకటే: "గుకేశ్ ఏం చేశాడు భయ్యా? అవతలోడు బ్లండర్ చేశాడు, వీడికి టైటిల్ వచ్చింది." ఆ మాట అన్నది మన లైబ్రరీ బ్యాచ్ ఒక్కటే కాదు. మాజీ ప్రపంచ ఛాంపియన్ వ్లాదిమిర్ క్రామ్నిక్ కూడా దాదాపు అలాగే బాధపడ్డాడు, ఇంత చిన్నపిల్లల తప్పుతో ప్రపంచ టైటిల్ తేలిపోవడం ఏంటని.

సరే, అదృష్టమా కాదా అనేది బోర్డు మీదే చూద్దాం. మీ ఫోన్‌లో ఏదో ఒక చెస్ యాప్‌లో అనాలిసిస్ బోర్డు ఓపెన్ చేసి పెట్టుకోండి. వీడియో చూడకుండా ఇది చదువుతున్న వాళ్లకి అది ఇంకా అవసరం.

ముందు పేర్ల సంగతి

ఇళ్లల్లో మనం ఏనుగు, శకటు, మంత్రి, బంటు అంటాం. కొందరు శకటుని ఒంటె అంటారు. యాప్‌లో రూక్, బిషప్, క్వీన్ అని ఉంటాయి కాబట్టి ఇక్కడ ఆ పేర్లే వాడతా. బంటుని మాత్రం బంటు అనే అంటా. దాన్ని ఇంగ్లీషులో పిలిస్తే చిక్కడపల్లిలో కిళ్లీ కొట్టు గుర్తొస్తుంది.

గళ్ల పేర్లు ఎడమ నుంచి కుడికి ఏ, బి, సి, డి, ఈ, ఎఫ్, జి, హెచ్. కింద నుంచి పైకి 1 నుంచి 8. తెల్ల పావులు కింద. ఇది చాలు.

ఆ రోజు పరిస్థితి

మొత్తం 14 గేమ్‌ల మ్యాచ్. 13 అయ్యేసరికి స్కోరు 6.5 – 6.5. డింగ్ 1, 12 గేమ్‌లు గెలిచాడు. గుకేశ్ 3, 11 గెలిచాడు. మిగతావన్నీ డ్రా. 14వది కూడా డ్రా అయితే మర్నాడు టైబ్రేక్, అంటే తక్కువ టైమ్‌లో ఆడే ర్యాపిడ్ గేమ్‌లు. డింగ్ 2023లో ఆస్తానాలో నెపోమ్నియాషిని ఓడించి టైటిల్ గెలిచింది ఆ ర్యాపిడ్ టైబ్రేక్‌లోనే. అందుకే చాలామంది లెక్క ఏంటంటే, టైబ్రేక్ వస్తే డింగ్‌కే మొగ్గు.

ఇది గుర్తు పెట్టుకోండి. డింగ్ చేతిలో తెల్ల పావులున్నాయి, కానీ డ్రా అయినా అతనికి నష్టం లేదు. గుకేశ్‌కి నల్ల పావులు, కానీ డ్రా అంటే అంత ఇష్టం లేదు. గేమ్ మొత్తం ఈ తేడా మీదే నడిచింది.

ఇంకో మాట. గుకేశ్ పుట్టి పెరిగింది చెన్నైలో, తెలుగు కుటుంబంలో. గెలిచిన రోజు మనవాడంటే మనవాడని రెండు రాష్ట్రాల వాళ్లూ సోషల్ మీడియాలో కొట్టుకున్నారు. అతని వెనక పనిచేసిన టీమ్‌లో మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ కూడా ఉన్నాడు. ఆ విషయం మ్యాచ్ అయ్యాకే బయటికొచ్చింది. ఈ కథలో మన వాటా అదీ.

మొదటి మలుపు: 29వ ఎత్తు

ఓపెనింగ్ మొత్తం చెప్పను. 27 ఎత్తులయ్యేసరికి ఇద్దరికీ క్వీన్, రెండేసి రూక్‌లు, ఒక్కో బిషప్, మూడేసి బంట్లు ఉన్నాయి. అంటే బలం సమానం. తెల్ల వైపు బి3లో ఒక బంటు ఒంటరిగా ఉంది. దాని మీద గుకేశ్ ఒత్తిడి పెడుతున్నాడు.

28లో డింగ్ క్వీన్‌ని డి4కి తెచ్చాడు. గుకేశ్ క్వీన్ బి5కి వచ్చింది. 29లో డింగ్ ఆ ఒంటరి బంటుని బి4కి తోసి, కావాలనే ఇచ్చేశాడు. క్వీన్లు మారాయి, ఆ వెంటనే ఒక జత రూక్‌లు కూడా మారాయి. 32వ ఎత్తుకి మిగిలింది ఇదీ: ఇద్దరికీ ఒక్కో రూక్, ఒక్కో బిషప్. డింగ్‌కి రెండు బంట్లు, గుకేశ్‌కి మూడు. బంట్లన్నీ ఒకే వైపు.

ఎందుకిచ్చాడు? లెక్క సింపుల్. బంట్లన్నీ ఒకే వైపు ఉంటే, ఒక బంటు తక్కువున్నా మామూలుగా డ్రా చేసుకోవచ్చు. పుస్తకాలదీ అదే మాట, ఇంజిన్‌దీ అదే మాట. డింగ్ ఆలోచన "బోర్డు ఖాళీ చేద్దాం, రిస్క్ తగ్గిద్దాం, డ్రా తీసుకుందాం."

ఇంజిన్ ప్రకారం ఇది తప్పు కాదు. బార్ ఇప్పుడు కూడా సున్నా దగ్గరే ఉంది. కానీ ఫ్రెండ్స్, ఇంజిన్ చూపించే సున్నాకి అర్థం "కంప్యూటర్ ఆడితే డ్రా" అని. మనిషి ఆడితే ఎవరికి కష్టం అనేది ఆ బార్ చెప్పదు. ఈ పొజిషన్‌లో గుకేశ్ ఓడే దారి దాదాపు లేదు. ఎంతసేపైనా అడుగుతూ కూర్చోవచ్చు. డింగ్ మాత్రం ప్రతి ఎత్తుకీ సరైన జవాబు వెతుక్కోవాలి. సేఫ్ అనుకుని తీసుకున్న నిర్ణయం పరీక్ష రాసే బాధ్యత మొత్తాన్నీ అతని మీదే పెట్టింది.

23 ఎత్తుల ఓపిక

32 నుంచి 55 దాకా లైవ్‌లో చూసిన వాళ్లకి బోర్ కొట్టి ఉంటుంది. రూక్ అటు, రూక్ ఇటు. కానీ గుకేశ్ కింగ్ ప్రయాణం ఒక్కటి ఫాలో అవ్వండి. 34లో జి7, 40లో హెచ్6, 44లో జి5. మధ్యలో బంట్లు ముందుకు జరిపాడు. 46వ ఎత్తుకి ఇంకో జత బంట్లు మారి, తెల్ల వైపు జి3లో ఒక్కటే మిగిలింది. నల్ల వైపు ఎఫ్5, జి4లో రెండు.

ఇంకా డ్రానే. పైగా బంట్లు తగ్గేకొద్దీ డ్రా ఇంకా దగ్గరవుతుంది. గుకేశ్ మాత్రం ఆపలేదు. గడియారంలో డింగ్ దగ్గర గుకేశ్ కన్నా బాగా తక్కువ టైమ్ ఉంది. 41వ ఎత్తు నుంచి ప్రతి ఎత్తుకీ 30 సెకన్లు కలుస్తాయి నిజమే. కానీ మూడు వారాల మ్యాచ్, ఆఖరి రోజు, గంటల తరబడి డిఫెన్స్ చేసిన బుర్ర అది.

అసలు సీన్: 51 నుంచి 55

ఇక్కడ యాప్‌లో పావులు పెట్టుకోండి. 54వ ఎత్తు అయ్యాక పొజిషన్ ఇదీ.

తెలుపు: కింగ్ జి1, రూక్ ఎఫ్4, బిషప్ ఏ8, బంటు జి3.
నలుపు: కింగ్ ఈ5, రూక్ బి2, బిషప్ ఈ6, బంట్లు ఎఫ్5, జి4.

ఇప్పుడు డింగ్ ఆడాలి. 55వ ఎత్తు: రూక్ ఎఫ్2. "రూక్‌లు మార్చేసుకుందామా?" అని అడగడం అన్నమాట. అదే బ్లండర్. రూక్‌ని ఏ4కి వెనక్కి పంపేస్తే చాలు, గేమ్ నడిచేది.

అందరూ ఈ ఒక్క ఎత్తునే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నారు. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు అర్ధరాత్రి సర్వర్ పడిపోతే ముందు అడిగేది "ఆఖరున ఏం మార్చారు?" అని. కానీ అసలు కారణం చాలాసార్లు అంతకు ముందు రోజో, ముందు వారమో పెట్టిన కోడ్‌లో ఉంటుంది. ఆఖరి మార్పు దాన్ని నిద్ర లేపుతుంది, అంతే. ఇక్కడా అదే కథ. 55వ ఎత్తు ఓడించాలంటే బోర్డు మీద మూడు విషయాలు ముందే సిద్ధంగా ఉండాలి.

ఒకటి, నల్ల బిషప్ డి5కి ఒక్క ఎత్తులో రాగలగాలి. 51లో గుకేశ్ దాన్ని ఈ6లో పెట్టాడు. రెడీ.

రెండు, డి5కి కాపలా ఉండాలి. లేకపోతే అక్కడికొచ్చిన బిషప్‌ని తెల్ల బిషప్ ఊరికే తినేస్తుంది. 54లో గుకేశ్ కింగ్ ఎఫ్6 నుంచి ఈ5కి వచ్చింది. ఈ5 పక్కనే డి5. కాపలా రెడీ.

మూడు, తెల్ల బిషప్ తప్పించుకునే దారి ఉండకూడదు. ఇది డింగ్ చేతుల్లో ఉన్న విషయం. 53వ ఎత్తులో బి7లో ఉన్న బిషప్‌ని ఏ8కి, అంటే బోర్డు మూలకి పంపాడు. బి7లో ఉన్నప్పుడు దానికి రెండు వైపులా దారులున్నాయి. అవసరమైతే ఏ6కో సి8కో తప్పుకోవచ్చు. మూలలో ఒకటే దారి ఉంది. ఆ దారిలో ఎవరైనా అడ్డంగా నిలబడితే అంతే సంగతులు.

53వ ఎత్తు తప్పా? ఇంజిన్ కాదంటుంది. బార్ కదల్లేదు. ఆ క్షణానికి ఏ నష్టం లేదు. కానీ బిషప్ ఉన్న గదికి వెనక తలుపు మూసుకుపోయింది. రెండు ఎత్తుల తర్వాత రూక్‌లు మార్చుకుందామన్నప్పుడు ఆ తలుపు సంగతి గుర్తుకు రాలేదు.

గెలుపు లెక్క

55లో గుకేశ్ రూక్‌తో ఎఫ్2లో ఉన్న రూక్‌ని తీశాడు. 56లో డింగ్ కింగ్‌తో తిరిగి తీశాడు, వేరే మార్గం లేదు. ఇప్పుడు గుకేశ్ బిషప్ డి5. తెల్ల బిషప్ ఏ8లో ఇరుక్కుంది. బి7కి వెళ్లినా, సి6కి వెళ్లినా పోతుంది. 57లో మార్చుకోక తప్పలేదు. కింగ్ డి5లో తిరిగి తీసుకుంది.

బోర్డు మీద మిగిలినవి కింగ్‌లు, బంట్లే. తెలుపుకి జి3, నలుపుకి ఎఫ్5, జి4. 58లో డింగ్ కింగ్ ఈ3కి వచ్చింది, ఎఫ్4కి వెళ్లి ఎఫ్5 బంటుని తినేద్దామని. గుకేశ్ జవాబు కింగ్ ఈ5. డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు.

చాలామంది ఇక్కడే అడుగుతారు, "రెండు బంట్లు ఒక బంటే కదా, అప్పుడే రిజైన్ ఎందుకు?" అని. రెండు కింగ్‌లూ ఎదురెదురుగా, మధ్యలో ఒక్క గడి. ఇలా నిలబడినప్పుడు ఎవరి వంతొస్తే వాళ్లు పక్కకి తప్పుకోవాలి, అవతలి వాళ్లకి దారివ్వాలి. చెస్‌లో దీన్ని అపోజిషన్ అంటారు. ఇప్పుడు వంతు డింగ్‌ది.

కింగ్ డి3కి వెళ్తే గుకేశ్ ఎఫ్4 తోస్తాడు. బంట్లు మారతాయి, నల్ల కింగ్ ఎఫ్4కి వస్తుంది. తెల్ల కింగ్ ఈ2కి పరిగెత్తినా నల్ల కింగ్ జి3లో కూర్చుని జి బంటుకి దారి చూపిస్తుంది. క్వీన్ అవుతుంది.

కింగ్ ఎఫ్2కి వెనక్కి వెళ్తే గుకేశ్ కింగ్ డి4. తెల్ల కింగ్ ఈ2కి వస్తే నల్ల కింగ్ ఈ4. మళ్లీ ఎదురెదురు, మళ్లీ డింగ్ వంతు. ఎటు తప్పుకున్నా నల్ల కింగ్ రెండో వైపు నుంచి దూరి జి3 బంటుని తినేస్తుంది.

మీరు ప్రాక్టీస్ చేసేటప్పుడు ఒక జాగ్రత్త. నల్ల కింగ్ ఈ4లో, తెల్ల కింగ్ ఈ2లో ఉండి వంతు నలుపుదైతే, తొందరపడి ఎఫ్4 తోయకండి. బంట్లు మారాక తెల్ల కింగ్ ఎఫ్2లో నిలబడి డ్రా చేసేస్తుంది. గెలిచే పొజిషన్‌లో కూడా వంతు ఎవరిదో లెక్క పెట్టుకోవాల్సిందే.

అయితే అదృష్టం ఏది?

ఇప్పుడు అసలు ప్రశ్న. గేమ్ తర్వాత గుకేశ్ స్వయంగా చెప్పాడు, రూక్ ఎఫ్2 చూడగానే అది బ్లండర్ అని తనకి తట్టలేదని. రూక్‌ని బి3కి ఆడబోయాడట. అంటే జి3 బంటు మీద ఒత్తిడి, అప్పటిదాకా ఆడుతున్న ప్లానే. చెయ్యి కదిలించే ముందు ఆగి చూశాడు. బిషప్ మూలలో ఉంది, డి5 ఖాళీగా ఉంది, బంట్ల ఎండింగ్ గెలుపు. అప్పుడు కూడా వెంటనే ఆడలేదు. నీళ్లు తాగాడు, లెక్క మళ్లీ చూసుకున్నాడు, తర్వాతే ఆడాడు.

ఇది మామూలు విషయం అనుకుంటున్నారా? అయితే పదేళ్లు వెనక్కి, 2014 నవంబర్, సోచికి వెళ్దాం. కార్ల్‌సన్, ఆనంద్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ 6వ గేమ్. స్కోరు 2.5 – 2.5. 26వ ఎత్తులో కార్ల్‌సన్ కింగ్‌ని డి2కి ఆడాడు. పెద్ద బ్లండర్. ఆనంద్ తన గుర్రంతో ఈ5 బంటుని తీసి ఉంటే గేమ్ తిరిగిపోయేది. కానీ ఆనంద్ తన ప్లాన్‌లోనే ఉన్నాడు. త్వరగా ఏ4 బంటు తోసేశాడు. ఛాన్స్ పోయింది. ఆ గేమ్ కార్ల్‌సన్ గెలిచాడు, తర్వాత మ్యాచ్ కూడా 6.5 – 4.5తో గెలిచాడు.

ఆనంద్ అంటే మాటలా? 2002లో మన హైదరాబాద్‌లోనే ఫిడే ప్రపంచ కప్ గెలిచిన మనిషి, ప్రపంచ ఛాంపియన్. అలాంటి వాడికే అవతలి వాడి బ్లండర్ కనపడలేదు. సింగపూర్ గేమ్ తర్వాత కాస్పరోవ్ కూడా ఇదే గుర్తు చేశాడు. తప్పుల్లేని ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఏది అని అడుగుతూ, ఈ సోచి గేమ్ పేరే చెప్పాడు.

కాబట్టి నా జవాబు ఇదీ. డింగ్ తప్పు చేయడం గుకేశ్ చేతిలో లేదు, ఆ మేరకు అదృష్టం అనండి. కానీ తప్పు జరిగే అవకాశం ఉన్న పొజిషన్‌ని 23 ఎత్తులు బతికించింది అతనే. బిషప్‌నీ కింగ్‌నీ సరైన గళ్లలో పెట్టింది అతనే. అన్నింటికన్నా ముఖ్యంగా, ఆ తప్పుని చూసింది అతనే. సోచిలో తప్పు జరిగింది, చూసేవాడు లేకపోయాడు.

డింగ్ గురించి ఒక్క మాట

డింగ్‌ని ఆ రోజు మీమ్స్‌లో ఆడుకున్నారు. టైటిల్ గెలిచిన తర్వాత డిప్రెషన్‌తో ఇబ్బంది పడ్డానని బయటికే చెప్పిన మనిషి అతను. మ్యాచ్ మొదలవకముందే గుకేశ్ ఈజీగా కొట్టేస్తాడని అందరూ అన్నారు. అలాంటి వాడు మొదటి గేమ్ నల్ల పావులతో గెలిచాడు, 11లో ఓడి 12లో తిరిగి కొట్టాడు, ఆఖరి గేమ్ దాకా సమానంగా లాక్కొచ్చాడు. ఆ మూడు వారాలు వదిలేసి ఒక్క రూక్ ఎఫ్2 మాత్రమే గుర్తు పెట్టుకోవడం న్యాయం కాదు.

ఇది ఎందుకు చెప్తున్నా అంటే, అశోక్‌నగర్‌లో రెండేళ్లు, మూడేళ్లు ప్రిపేర్ అయ్యే వాళ్లు ఈ ఛానల్ చాలామంది చూస్తారు. రిజల్ట్ వచ్చిన రోజు "ఒక్క మార్కుతో పోయింది, ఆ ఒక్క ప్రశ్న మార్చకపోతే వచ్చేది" అని ఆ ప్రశ్న మీదే నెలల తరబడి ఏడుస్తుంటారు. ఆ ప్రశ్న మీ 55వ ఎత్తు. దాన్ని పట్టుకుని కూర్చుంటే ఏమీ నేర్చుకోలేం. 53లో ఏ తలుపు మూశాం, 29లో సేఫ్ అనుకుని ఏది వదిలేశాం, అక్కడ చూడాలి. ఏ సబ్జెక్టు "వదిలేసినా పర్లేదు" అనుకున్నారో అక్కడన్నమాట.

మీ గేమ్ మీరు ఇలా చూడండి

ఈ రాత్రి ఫోన్‌లో ఆడి ఓడిపోయిన గేమ్ ఒకటి తీయండి. ఇంజిన్ ఆన్ చేయొద్దు. ముందు ఓడిపోయిన ఎత్తు ఏదో మీరే గుర్తించండి. తర్వాత, అది ఓడించాలంటే అంతకు ముందు ఏమేం సిద్ధంగా ఉండాలో రాసుకోండి, మనం ఇక్కడ మూడు రాసుకున్నట్టు. వాటిలో మీరే పెట్టినవి ఎన్ని, అవతలి వాళ్లు పెట్టినవి ఎన్నో చూడండి. ఆ తర్వాతే ఇంజిన్ ఆన్ చేసి మీ లిస్టుతో పోల్చుకోండి. ఒక గేమ్‌కి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ ఇరవై నిమిషాల్లో మూడు బ్లిట్జ్ గేమ్‌లు ఆడొచ్చు కదా అనిపిస్తుంది. ఆడొచ్చు, అదే తప్పు ఇంకో మూడుసార్లు చేయొచ్చు కూడా.

వెళ్లే ముందు మీకో పని. పైన చెప్పిన పొజిషన్‌లో తెల్ల బిషప్‌ని ఏ8 నుంచి తీసి బి7లో పెట్టండి. మిగతాదంతా అలాగే. ఇప్పుడు 55లో రూక్ ఎఫ్2 ఆడి, రూక్‌లు మార్చి, నల్ల బిషప్‌ని డి5కి తెండి. తెలుపు ఏం ఆడాలి? ఒకటి కన్నా ఎక్కువ జవాబులున్నాయి. ఇంజిన్ చూడకుండా కామెంట్‌లో పెట్టండి, వచ్చే ఎపిసోడ్ మొదట్లో వాటితోనే మొదలుపెడదాం. అప్పటిదాకా, బాయ్ ఫ్రెండ్స్.